కొట్టములోని ఎలుక - కృషీవలుని దయ

ధర్మమునకు దయ పునాది యని బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున బోధించెను. ఆ బోధను శిరసావహించిన లింగాయత గృహములలో అనేకము నాడును నేడును సేద్యమును నమ్ముకొని జీవించునవే. మెడలో ఇష్టలింగము, చేతిలో ములుకోల: ఈ రెండును ఒకే మనుష్యునియందు కలిసియున్నచోట ఒక చిన్న ప్రశ్న పుట్టుచుండును. చూచుటకు అది నవ్వు పుట్టించును. ఆలోచించిన కొలదియు బరువెక్కును. కొట్టములో చేరి ధాన్యమును తిని, ట్రాక్టరు తీగలను కొరికి, గడ్డివామి క్రింద పిల్లలను పెట్టుచున్న ఎలుకను, శరణమార్గమున నడచువాడు ఏమి చేయవలెను?

ఈ ప్రశ్నకు లోకములో రెండు సమాధానములు సిద్ధముగ నున్నవి. ఎలుక రైతునకు శత్రువు, శత్రువును చంపుటలో దోషమేమి, దొరికిన మందు పెట్టుము అనునది మొదటిది. ప్రాణము తీయుట పాపము, ఆ పని చేయువానిని పిలిచి వానికప్పగింపుము, లేదా శివుడు పెట్టినంత తిననిమ్ము అనునది రెండవది. మొదటిది కఠినముగను, రెండవది మృదువుగను వినబడును. కాని రెండింటికిని ఒకే లోపము కలదు. రెండును ఎలుక వచ్చిన తరువాతనే ఆలోచింప నారంభించుచున్నవి. అది ఎందుకు వచ్చినది అను ప్రశ్నను రెండును అడుగుట లేదు. దయకు మొదటి పని ఆ ప్రశ్నయందే యున్నది.

ముందుగా ఎలుక స్వభావమును తెలిసికొనవలెను. కొరుకు జంతువుల ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. నిత్యము కొరికి అరుగదీయనిచో ఆ పండ్లు నోటికే అడ్డమై ఆహారము తినుట కష్టమగును. కావున ఎలుక చెక్కను కొరికినను, గోనెసంచిని కొరికినను, తీగపై తొడుగును కొరికినను అందు ద్వేషము లేదు. అది దాని దేహధర్మము. ఇంటి ఎలుక గర్భము సుమారు మూడు వారములు మాత్రమే. ఒక్కొక్క కాన్పులో ఐదారు పిల్లలు పుట్టుట సామాన్యము. ఆ పిల్లలు రెండు మూడు నెలలలోనే తాము పిల్లలను కనగల వయస్సునకు వచ్చును. పొలముగట్లలో బొరియలు త్రవ్వు పందికొక్కు వరివెన్నులను కోసి లోపల నిలువ చేసికొనును. ఈ జంతువుతో తెలుగు రైతునకు గల పరిచయము ఎంత పాతదనగా, ఆంగ్లేయులు వాడు ‘బాండికూట్’ అను మాటయే తెలుగు ‘పందికొక్కు’ నుండి పుట్టినది.

ఇట్టి ప్రాణి యొక చోట విస్తరించుటకు మూడే కావలెను: తినుటకు గింజ, దాగుటకు చోటు, చొచ్చుటకు సందు. ఆ మూడును మనుష్యుడే సమకూర్చుచున్నాడు. కళ్ళమునుండి కొట్టమువరకు రాలిన గింజలు, గోడకానించి పేర్చిన పాతసంచులు, తలుపు క్రింద వ్రేలు దూరునంత ఖాళీ, గోడనానుకొని వేసిన గడ్డివామి - ఇవి యున్నచోటికి ఎలుక దొంగవలె వచ్చుట లేదు. పిలువబడిన చుట్టమువలె వచ్చుచున్నది. చుట్టమును పిలిచి, విస్తరి వేసి, తినునప్పుడు విషము వడ్డించుట ఏ నీతి? ఎలుకల మందు కొనుటకు ముందు ప్రతి గృహస్థుడును తన్ను తానడుగవలసిన ప్రశ్న ఇది.

అట్లని పిలువబడినదానిని అట్లే యుండనిచ్చుట దయయని భ్రమింపరాదు. ఎలుక కలిగించు హాని గింజలతో ముగియదు. అది తినునదానికంటె మూత్రముచేతను, పెంటికలచేతను చెరచునదే అధికము. దాని మూత్రముతో కలిసిన నీటినుండి ‘లెప్టోస్పైరోసిస్’ అను వ్యాధి కలుగును. దీనినే ప్రజలు ఎలుక జ్వరమందురు. తడిసిన కొట్టములో, బురదమడిలో చెప్పులు లేక పని చేయు కూలివాని కాలిపుండు ద్వారమున ఆ క్రిమి దేహములో ప్రవేశించును. పశువులకును ఈ జ్వరము వచ్చును. కొట్టము యజమాని ఎలుకపై దయయని చేతులు ముడుచుకొని కూర్చున్నచో, ఆ దయ వెల పేడ యెత్తు పనివాడు చెల్లించును. మఠముల ఉగ్రాణము సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. అందున్న బియ్యము దాసోహమునకు వచ్చినది; అది జంగమునకు, అతిథికి, ఆకలిగొన్నవానికి చెందినది. దానిని కాపాడకుండుట ఔదార్యము కాదు, అప్పగించిన సొత్తునెడల అలక్ష్యము.

ట్రాక్టరు మున్నగు వాహనములు వచ్చిన పిదప ఈ హాని క్రొత్తరూపము దాల్చినది. ఎడ్లబండికి కొరుకుటకు త్రాళ్ళు తప్ప మరేమియు లేకుండెను. ట్రాక్టరునకు, వరికోత యంత్రమునకు లోపల తీగల వల యున్నది. దినమంతయు దున్ని వచ్చి నిలిచిన యంత్రము రాత్రి చాలసేపటి వరకు వెచ్చగ నుండును. చలికాలమున ఎలుకకు అంతకంటె సుఖమైన పడకయిల్లు లేదు. అది గడ్డిని, గుడ్డపీలికలను తెచ్చి ఇంజను ప్రక్కను, గాలి వడపోయు డబ్బాలోను, సీటు మెత్తలోను గూడు కట్టును. తీగతొడుగు తెగినచో రాగి బయటపడి రెండు తీగలొకటై నిప్పు పుట్టవచ్చును. వేడియెక్కిన పొగగొట్టమును తాకిన ఎండుగడ్డి గూడు రాజుకొనవచ్చును. అట్లు పుట్టిన నిప్పు యంత్రముతో ఆగదు. ప్రక్కనే గడ్డివామి, దాని ప్రక్కనే గుంజలకు కట్టివేయబడి పారిపోలేని పశువులు.

కావున ఎలుకను ఉండనిచ్చుటయు తగదు, పిలిచి చంపుటయు తగదు. ఈ రెండింటి నడుమ నున్న మార్గమును శరణుల జీవితమే చూపుచున్నది. కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజల నేరుటయే కాయకముగ స్వీకరించిన ఆయ్దక్కి మారయ్య కథ లింగాయత గృహములలో తెలియనివారుండరు. ఒకనాడతడు నిత్యముకంటె అధికముగ బియ్యము తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ దాని నంగీకరింపక, అవసరమునకు మించినదానిని మరల తీసికొనిపోయి విడిచి రమ్మని పంపెను. ఈ కథను లోభనిగ్రహమునకు ఉదాహరణముగ చెప్పుదురు, అది సత్యమే. కాని రైతు దానియందు మరియొక అర్థమును గ్రహింపవచ్చును. రాలిన గింజను వంగి ఏరుట హీనమైన పని కాదు, అది శివపూజతో సమానమైన కాయకము. అవసరమునకు మించిన రాశిని కాపాడలేక పెట్టుకొనుట సంపద కాదు, భారము. ఈ రెండు మాటలను పాటించిన కొట్టమున ఎలుకకు విస్తరి యుండదు.

ఈ కాయకము ఆచరణయందు ఎట్లుండవలెనో కొంత వివరముగ చెప్పుట యవసరము. ఏలయన చీపురు పట్టని దయ మాటగనే మిగిలిపోవును. ధాన్యపు సంచులను నేలపై గాక చెక్కబల్లలపై పేర్చవలెను. సంచులకును గోడకును నడుమ మనిషి నడచునంత సందు విడువవలెను. గోడకానిన మూలలు చీకటిలో నుండును, చీకటిమూల ఎలుకకు పుట్టినిల్లు. దాణాను రేకు డబ్బాలలో మూతపెట్టి యుంచవలెను. ఎలుకపిల్ల పెన్సిలు దూరునంత సందున దూరగలదు, పెద్దది బొటనవ్రేలు దూరునంత సందున దూరగలదు. కావున కిటికీలకు, గాలి వచ్చు కన్నములకు సన్నని ఇనుపజాలీ బిగింపవలెను. తలుపు అడుగున రేకు కొట్టవలెను. కొత్తగా గాదె కట్టువారు సుమారు మూడడుగుల ఎత్తు స్తంభములపై కట్టి, ప్రతి స్తంభమునకును బోర్లించిన గరాటువలె రేకును తొడిగినచో ఎలుక ఎగబ్రాకలేదు. గడ్డివామిని కొట్టమునకు దూరముగ వేయవలెను. కొట్టము చుట్టు కలుపును, పాత సామానును తీసివేసి నేలను బయలుగ నుంచవలెను. బయలు నేలపై గుడ్లగూబ కంటబడుదునను భయముచే ఎలుక తిరుగుటకు జంకును.

వాహనములకును ఇదే నీతి. కోత ముగిసిన పిదప వరికోత యంత్రపు తొట్టెలోను, జల్లెడలలోను మిగిలిన గింజలను పూర్తిగా దులిపి శుభ్రము చేసి నిలుపవలెను. దులుపక నిలిపిన యంత్రము ఆరునెలల గాదె యగును. ట్రాక్టరును గడ్డివామి ప్రక్కను, దాణా గది ప్రక్కను నిలుపరాదు. పని లేని నెలలలో సైతము రెండు మూడు దినముల కొకమారు దానిని నడిపి, పైమూతను తీసి వెలుతురు తగులనిచ్చినచో గూడు కట్టుటకు ఎలుకకు ప్రశాంతి దొరకదు. ఇంజనుకు నిప్పు ముట్టించుటకు ముందు లోపల గడ్డిపోచ యున్నదేమో చూచుట అలవాటు చేసికొనవలెను. ఆ చూపు యంత్రమునకును మంచిది, లోపల కన్ను తెరువని పిల్లలున్నచో వానికిని మంచిది. కలరా ఉండలు, ఘాటైన నూనెలు చల్లి ఊరకుండువారు కొలది దినములలోనే నిరాశ చెందుదురు. తిండియు వెచ్చదనమును దొరకుచున్నంత కాలము ఎలుక వాసనకు అలవాటుపడును.

ఇంత శ్రమ యేల, కనబడినదాని నెల్ల చంపినచో చాలదా యనువారు చరిత్రలోని రెండు పట్టణముల కథలను పోల్చి చూడవలెను. 1902లో ఫ్రెంచి పాలకులు హనోయి నగరమున ఎలుకల నిర్మూలనమునకై, చంపి తెచ్చిన ఎలుక తోక ఒక్కింటికి ఇంతయని బహుమానము ప్రకటించిరి. తోకలు కుప్పలుగ వచ్చెను. పిమ్మట నగరములో తోకలేని ఎలుకలు తిరుగుట అధికారుల కంటబడెను. తోక కోసి ఎలుకను విడిచినచో అది మరల పిల్లలను పెట్టును, మరల తోకలు లభించును గదా! నగరము వెలుపల ఎలుకలను పెంచువారును బయలుదేరిరి. చివరకు ప్రభుత్వము ఆ బహుమానమును ఎత్తివేసినది. రెండవ కథ సూరతు నగరమునది. 1994 సెప్టెంబరులో, వరదల పిదప కుళ్ళిన చెత్తకుప్పల నడుమ నున్న ఆ నగరమున ప్లేగు వ్యాపించినదను వార్తతో లక్షలాది జనులు ఊరు విడిచి పారిపోయిరి. 1995లో నగర కమీషనరుగ వచ్చిన ఎస్. ఆర్. రావు ఎలుకల తోకలను లెక్కింపలేదు; చెత్తను లెక్కించెను. అధికారులు ప్రతిదినము వీధులలో నిలిచి చెత్తను ఎత్తించిరి. కొలది కాలములోనే సూరతు దేశములోని పరిశుభ్ర నగరములలో ఒకటిగ పేరొందినది. చావును లెక్కించినచోట ఎలుకలు పెరిగెను. శుభ్రతను లెక్కించినచోట నగరమే మారెను.

ఇంత చేసినను కొన్ని ఎలుకలు మిగులవచ్చును, పొరుగు కొట్టమునుండి రావచ్చును. ప్రాణము తీయక తప్పని సమయము సేద్యములో వచ్చును. దానిని దాచుట సత్యము కాదు. అట్టి సమయమున దయ సెలవు పుచ్చుకొనదు. ఎట్లు, ఎంత అను రెండు ప్రశ్నలుగ మారును. జిగురు అట్టపై అంటుకొన్న ఎలుక గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దినముల తరబడి, తన చర్మమును తానే చీల్చుకొనుచు చచ్చును. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము అనవసరమైన బాధను నేరముగ ఎంచినది. ఆ జిగురు అట్టలను వాడనీయరాదని భారత జంతు సంక్షేమ మండలి 2011లోను, 2020లోను రాష్ట్రములకు సూచించినది. లింగధారి ఇంట అట్టి వస్తువునకు తావుండరాదు. రక్తము గడ్డకట్టకుండ చేయు మందులు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని దినములు లోలోపల రక్తము స్రవించి, నీరసించి బహిరంగమున తిరుగును. దానిని తిన్న గుడ్లగూబ, పిల్లి సైతము ఆ విషమునకు బలియగును. జింకు ఫాస్ఫైడు తిన్న ఎలుక త్వరగా చచ్చినను, కొద్దిగ తిని బ్రదికినది మరల ఆ మందువైపు చూడదు. పసుపు భాస్వరపు ముద్ద మరింత భయంకరము. దానికి విరుగుడు లేదు. ఎందరో మనుష్యుల ప్రాణములు దానిచే పోయినవి. తినుబండారము వలె కనబడు ఆ డబ్బా పిల్లలున్న ఇంట, దుఃఖములోనున్న మనుష్యుడున్న ఇంట, చేతికందుచోట నుండుటయే మహాపరాధము. పొలము చుట్టు దొంగతనముగ విద్యుత్తు తీగలను లాగుట వలన ఎలుకలకు, పందులకు మారుగ మనుష్యులే మరణించిన సంఘటనలు పలుమార్లు జరిగినవి. కావున తప్పనిసరియైనచో మెడపై తటాలున పడి తక్షణమే ప్రాణము తీయు ఇనుపబోను వీనియన్నింటికంటె తక్కువ క్రూరమైనది. పంజరపు బోనులో పట్టి పొరుగువాని చేనిలో విడుచుట అహింస కాదు. అది తన కష్టమును ఇరుగునకు పంపుట.

సృష్టియందు ఈ పనికై నియమింపబడినవా యన్నట్లు కొన్ని ప్రాణులున్నవి. విషములేని జెర్రిపోతు ఎలుక బొరియలోనికే దూరి దానిని పట్టును. గుడ్లగూబ జంట పిల్లలను సాకునపుడు రాత్రి వెంట రాత్రి ఎలుకలను వేటాడును. కాని పల్లెలలో జెర్రిపోతును పామని కొట్టుదురు, గుడ్లగూబను అపశకునమని తరుముదురు. రాతినాగును పూజించుచు ప్రాణమున్న నాగును కొట్టు లోకపు తీరును బసవేశ్వరుడు ఎత్తిచూపిన సంగతి ప్రసిద్ధమే. ఆ విమర్శ కొట్టమునకును వర్తించును. జెర్రిపోతును చంపి, గుడ్లగూబను తరిమి, పిదప ఎలుకలు పెరిగినవని విషము కొనువాడు తన అజ్ఞానమునకు మూల్యము చెల్లించుచున్నాడు.

ఇక మిగిలినది అన్నింటికంటె సున్నితమైన విషయము. ఆంధ్రదేశపు డెల్టా పొలములలో తరతరములుగ యానాదులు బొరియలలోనికి కుండతో పొగ నూది ఎలుకలను పట్టుచున్నారు. అది నేర్పుతో కూడిన పని. ఏ బొరియలో ఎలుక యున్నదో, ఏ ద్వారమును మూయవలెనో, ఏ ద్వారమున కాచుకొనవలెనో వారికి తెలిసినంతగ మరెవరికిని తెలియదు. వారు విషము వాడరు. పొలములో మరి యే ప్రాణికిని హాని చేయరు. వారి చేతిపనివలన రైతు గాదె నిండును. అయినను ఎలుకలు పట్టువాడని వానిని గడప వెలుపల నిలుపు ఇండ్లున్నవి. పంట తమకు, పాపము వానికి. శుచి తమకు, మైల వానికి - ఇది ఏ లెక్క? హింసను కూలికిచ్చి దానితో బాటు హీనతను సైతము వాని నెత్తిన పెట్టుట రెండు పాపములు చేయుటయే. ఒకటి ఎలుక నెడల, రెండవది మనుష్యుని నెడల. వృత్తివలన ఎవరును తక్కువ కారని చాటి, అన్ని కాయకములవారిని అనుభవమంటపమున సమానముగ కూర్చుండబెట్టిన బసవేశ్వరుని పేరు చెప్పువారికి ఈ రెండవ పాపము మొదటిదానికంటె బరువైనది. చేయించినవాడు తన చేతులు శుభ్రముగ నున్నవని చూపరాదు. ఆ పని అవసరమే యైనచో అది చేసినవానికి తగిన కూలియు, అరుగుపై చోటును, మర్యాదతో కూడిన పిలుపును చెల్లవలెను.

ఇచ్చట ఒక ఆక్షేపణము రావచ్చును. గింజను దాచి, సందును మూసి, ఎలుకను ఆకలికి గురిచేయుటయు హింసయే గదా యని. తిండి తక్కువైనచోట ఎలుకలు తక్కువగ పుట్టును. ఉన్నవి చేలకు, గట్లకు తరలిపోవును. కొన్నింటికి కష్టము కలుగుననుట నిజమే. అయినను పుట్టించి చంపుటకును, పుట్టుటకు కారణము కాకుండుటకును భేదము కలదు. విషము పెట్టి నూరింటిని చంపిన కొట్టమున, విస్తరి తీయనిచో, రెండు మూడు నెలలలో మరల నూరు పుట్టును. ఆ చావులకు అంతముండదు. విస్తరి తీసిన కొట్టమున చావులును, పుట్టుకలును కలిసి తగ్గును. తన వలన కలుగు బాధ మొత్తమును తగ్గించుటయే మనుష్యునకు సాధ్యమైన అహింస. పూర్తిగ బాధలేని సేద్యము లేదు; నాగలి క్రింద వానపాము తెగును. అది తెలిసినవాడు నిరాశ చెందక, నాగలిని మరింత మెలకువతో నడుపును.

మరియొక ఆక్షేపణము పేదరైతుది. రేకు డబ్బాలు, ఇనుపజాలీలు కొనగల స్తోమత అందరికిని లేదు. అది న్యాయమైన మాటయే. ఎలుకకు గట్టుహద్దు తెలియదు. ఒక్కడు శుభ్రము చేసి పదిమంది చేయనిచో ఫలితము స్వల్పము. కావున ఇది ఊరంతయు కలిసి చేయవలసిన పని. కోతల పిదప ఊరివారందరును ఒకే వారమున కొట్టములు దులిపి, గట్లు చెక్కి, బొరియలు పూడ్చినచో ఖర్చు తక్కువ, ఫలము అధికము. మఠములు తమ ఉగ్రాణములను ఆదర్శముగ తీర్చి, భక్తులకు చూపి, లేనివారికి నాలుగు రేకులు ఇప్పించినచో అదియు దాసోహమే యగును. హైదరాబాదు రాజేంద్రనగరులోని జాతీయ సస్యారోగ్య యాజమాన్య సంస్థయందు ఎలుకల నివారణపై శిక్షణ యిచ్చుచున్నారు. గ్రామమునుండి ఒక యువకుని పంపుట కష్టమైన పని కాదు.

దయ యనునది చంపుటకు చేయి యెత్తిన క్షణమున హృదయములో కలుగు జంకు మాత్రమే యైనచో అది చాల ఆలస్యముగ వచ్చిన దయ. నిజమైన దయ సాయంకాలము కొట్టములో చీపురు పట్టుకొని నిలిచి, రాలిన గింజలను కూడదీసి, దాణా డబ్బాకు మూత పెట్టి, తలుపు అడుగు సందును చూచి, అటుపిమ్మట దీపమార్పును. ఆ ఇంట ఎలుకల మందుతో అవసరము అరుదుగ పడును. పడిననాడు ఆ గృహస్థుడు గర్వపడడు, మరియొకని నెత్తిన వేయడు, అవసరమునకు మించి ఒక్క ప్రాణమును తీయడు. మరునాడు మరల చీపురు పట్టును.